ఇటుక కింద గంప, గంప కింద పిల్లికూన

నేను ఒక కోళ్ల గంపను. వెదురు బద్దలతో అల్లినదాన్ని. బోర్లించిన పెద్ద కుండలా ఉంటాను. నడినెత్తిన చెయ్యి దూరేంత కన్నం తప్ప నాలో వేరే ద్వారం లేదు. అడుగు అసలే లేదు. ఆ కన్నం మీద ఒక ఇటుక పెడితే లోపలి ప్రాణి బయటికి రాలేదు, బయటి ప్రాణి లోపలికి పోలేదు. నన్ను గురించి తెలుసుకోవలసింది ఇంతేనని మనుషుల అభిప్రాయం. చాలాకాలం నా అభిప్రాయమూ అదే. ఇప్పుడు నా అంచు బద్దలు మూడు విరిగాయి, ఒక పక్క పురుగు పట్టింది, ఓపిక తగ్గింది. అందుచేత అలంకారాలు లేకుండా, జరిగినది జరిగినట్టు చెబుతాను.

కాకినాడ జగన్నాథపురంలో మేదర గంగులమ్మ నన్ను అల్లింది. పచ్చి వెదురును నిలువునా చీల్చి, బద్దలను నానబెట్టి, ఒక కొసను కాలి బొటనవేలితో అదిమిపట్టి రెండు చేతులతో అల్లేది. పని చేస్తున్నంతసేపూ వీధిలో వెళ్లేవారితో తగువు పెట్టుకుంటూనే ఉండేది. వేళ్లు మాత్రం ఒక్క వరుస తప్పేవి కావు. నోరు చేసే పనికీ చెయ్యి చేసే పనికీ సంబంధం ఉండనక్కరలేదని నేను మనుషుల దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది.

నన్ను కొనడానికి వచ్చింది కాన్వెంటు సిస్టర్ ఆగ్నెస్. పొడుగాటి మనిషి, కళ్లజోడు పైనుంచి చూస్తే ఎదుటివారు చేయని తప్పు కూడా ఒప్పుకునేవారు. నన్ను తిరగేసి, అంచు నొక్కి, కన్నంలో చెయ్యి పెట్టి చూసింది.

“ఎన్నాళ్లు మన్నుతుంది గంగులమ్మా?”

“వంటింటి పొగ తగిలితే పదేళ్లు మన్నుద్దండి సిస్టరుగారూ. తగలకపోతే పురుగు తినేద్దండి. మనిషైనా అంతే గదండీ, కట్టంలో ఉన్నోళ్లే గట్టిగా ఉంటారు.”

“నా కోళ్లకు వేదాంతం వద్దు. గట్టి అల్లిక కావాలి.”

“అల్లిక గురించి నన్నడక్కండి. లోపల కూకున్న కోడినడగండి.”

కోడిని ఎవరూ అడగలేదు. ఆ తరువాత ఎన్నేళ్లు గడిచినా అడగలేదు.

కాన్వెంటులో నా జీవితం గంటల ప్రకారం నడిచింది. ఉదయం గంటకు నన్ను ఎత్తేవారు, కోళ్లు పెరట్లో తిరిగేవి. ఆకాశంలో గద్ద కనబడితే వేళ కాకపోయినా సరే, తరిమి తెచ్చి నా కింద మూసేవారు. గద్ద మాత్రం మేడ మీది శిలువ చుట్టూ హాయిగా తిరిగేది. నాకది సహజంగానే తోచింది. పెరటి గోడకు అవతల హాస్టలు ఉండేది. వీధిలో కొందరు సైకిళ్ల మీద వచ్చి ఈలలు వేస్తున్నారని ఒక సంవత్సరం ఆడపిల్లల గేటుకు నాలుగున్నరకే తాళం పడింది. ఈలలు వేసినవారికి ఏ గేటూ పడలేదు. అదీ సహజంగానే తోచింది. ఆపదలో ఉన్నవాళ్లను మూసిపెట్టడమే రక్షణ అని నేను నమ్మాను. ఆ నమ్మకం మీద ఇటుక పెట్టి కూర్చున్నాను.

వంటింట్లో నన్ను దండెం మీద వేలాడదీసేది కనకరత్నం. ముప్ఫై ఏళ్ల మనిషి, వెనకాముందూ ఎవరూ లేరు, నవ్వు తక్కువ, మాట తక్కువ, పని ఎక్కువ. భోజనాల పని బయటివారికి అప్పగించాలని కాన్వెంటు నిర్ణయించినప్పుడు ఆమె అవసరం తీరిపోయింది. కోళ్ల అవసరమూ తీరిపోయింది. వెళ్లేరోజు సిస్టర్ ఆగ్నెస్ ఆమె చేతిలో ఒక జపమాల పెట్టి, “ఇంకేమైనా కావాలా?” అని అడిగింది. కనకరత్నం చుట్టూ చూసి నన్ను అడిగింది. పదకొండేళ్ల ఊడిగానికి ఆమె కోరుకున్నది ఒక పాత గంపను. ఇందులో న్యాయం ఎంత ఉందో చదివేవారు తేల్చుకోవాలి. నన్ను అడిగినందుకు నాకు మాత్రం గర్వంగానే ఉండింది.

ఉప్పుటేరు వంతెనకు ఈవల ఒక పెంకుటింటి వరుసలో ఆమె గది తీసుకుంది. ఐదు గదులు, ముందు ఒక వాకిలి, వాకిట్లో ఒక కుళాయి. వరుసకు యజమానురాలు వీరవేణమ్మ మొదటి గదిలో ఉండేది. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. అద్దెకున్నవారందరికీ పిన్నిగారో అత్తో అయ్యేది. ఏ వరుసన పిలిచినా పెత్తనం ఒకటే. రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు వలిచే పనికి కనకరత్నం కుదిరింది. ఆరింటికి ఆడవాళ్లను ఎక్కించుకునే బస్సు వస్తుంది. సాయంత్రం ఐదున్నరకు దింపుతుంది. ఆ మధ్య పదకొండున్నర గంటలు గది నాకూ నిశ్శబ్దానికీ వదిలేసేది.

ఒక శనివారం సాయంత్రం ఆమె కొంగులో ఏదో పట్టుకుని వచ్చింది. తల్లి ఐసు వ్యాను కింద పడి చచ్చిందట. తోటి పిల్లలు ఏమయ్యాయో తెలియదట. ఫ్యాక్టరీ గేటు పక్కన ఇది ఒక్కటే అరుస్తోందట. నేల మీద దింపింది. అరచేయంత ఉంది. బూడిదరంగు ఒళ్లు, ఒళ్లంతటికీ సరిపోని పెద్ద చెవులు. చలికో భయానికో ఒలిచిన రొయ్యలా ముడుచుకుంది. కనకరత్నం చాలా రోజుల తరువాత నవ్వి, “రొయ్యమ్మా” అంది. పేరు అలా స్థిరపడింది.

ఆదివారమంతా ఆమె దాన్ని చూస్తూ గడిపింది. సోమవారం చూడడం ఎలా? ఐదు వారాల కూన. తలుపు కింద నాలుగు వేళ్ల సందు ఉంది. పెంకులకూ గోడకూ మధ్య చూరు దగ్గర ఇంకా పెద్ద సందు ఉంది. అందులోంచి అప్పుడప్పుడు ఒక గండుపిల్లి దిగి అన్నం గిన్నెలు నాకిపోయేది. చెవి తెగి, మెడ లావెక్కిన ముసలి రౌడీ అది. గండుపిల్లికి చిన్న కూన దొరికితే ఏం చేస్తుందో కనకరత్నానికి తెలుసు. గది మూల నిండా నీళ్లున్న మూత లేని డ్రమ్ము ఉంది. మంచం కింద సూదులూ దారాలూ ఉన్న డబ్బా ఉంది. ఆమె కళ్లు ఇవన్నీ చూసి, చివరికి దండెం మీది నన్ను చూశాయి.

అలా కోడి కోసం పుట్టిన నా కింద పిల్లికూన చేరింది. లోపల పాత జాకెట్టు ఒకటి మడిచి వేసింది. కొబ్బరిచిప్పలో నీళ్లు, మరో చిప్పలో చేపతల కలిపిన మెత్తటి అన్నం, ఒక పక్క రేకు మూతలో పొయ్యి బూడిద. కన్నం మీద ఇటుక.

“సాయంత్రం వచ్చేస్తాను. అరవకే తల్లీ,” అని చెప్పి తాళం వేసింది.

అది అరిచింది. తొమ్మిదింటిదాకా అరిచి, గొంతు పోయి, తరువాత నోరు మాత్రం తెరిచి మూసేది. శబ్దం రాని ఆ అరుపు నా బద్దలకు తగిలేది. కోళ్లు నా కింద కునుకు తీసేవి. వాటికి చీకటి అంటే నిద్ర. ఇది నిద్రపోలేదు. ప్రతి సందులోంచీ పంజా బయటికి చాపి, బయట ఏముందో తడిమి చూసేది.

గురువారం మధ్యాహ్నం గండుపిల్లి దిగింది. అన్నం గిన్నెల వైపు వెళ్లలేదు. సూటిగా నా దగ్గరికి వచ్చి చుట్టూ తిరిగింది. ఒక్కో సందు దగ్గరా ఆగి, వాసన చూసి, పంజా లోపలికి పెట్టింది. కూన మధ్యకు చేరి ముడుచుకుంది. మధ్య అనేది నాలో ఎంత? ఎటు జరిగినా పంజాకు రెండు వేళ్ల దూరం. మూడుసార్లు నన్ను తోసింది. ఇటుక కదిలింది, పడలేదు. నేను నా వెదురు బలమంతా కూడగట్టుకుని నేలను పట్టుకున్నాను. చివరికి ఒక గోరు కూన చెవికి తగిలి చీరింది. ఎక్కడో పళ్లెం పడిన చప్పుడు కాగానే గండుపిల్లి చూరెక్కి పోయింది.

సాయంత్రం కనకరత్నం చెవి రక్తం చూసి, కొబ్బరినూనె రాసి, నన్ను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగు బద్దల మీద గోళ్ల గీతలు ఉన్నాయి. “నువ్వు లేకపోతే ఆ గండుపిల్లి చంపేసేది,” అంది నాతో. నాతో ఒక మనిషి మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు. మాట పొరపాటని అప్పుడు నాకు తెలియదు. గండుపిల్లి తిరిగే గదిలో కూనను ఒక్కచోట కదలకుండా పెట్టింది నేనే కదా.

ఇక వీరవేణమ్మ కోడిపిల్లల సంగతి. పెట్ట చచ్చిపోగా నాలుగు పిల్లలు మిగిలాయి. వాటిని వాకిట్లో వదిలి, పొద్దు గూకితే తన గుమ్మం పక్కన బుట్టలో వేసేది. ఆ ఆదివారం లేచేసరికి లెక్కకు రెండే ఉన్నాయి. పోయినవాటి ఈకలు కొన్ని కనకరత్నం గుమ్మం ముందు, కుళాయి కాలువ పక్కన దొరికాయి. వరుస మొత్తం వాకిట్లో చేరింది.

“పిల్లిని పెంచే కొంప పక్కన కోడిపిల్ల బతుకుద్దా? ఇదిగో సాచ్చికం!” అని వీరవేణమ్మ ఈకలు పైకెత్తి చూపింది.

“మా రొయ్యమ్మ గంప కింద ఉందండి పిన్నిగారూ. పైన ఇటుక ఉందండి. ఇటుక దించి వచ్చి, మళ్లీ పెట్టుకుని కూకునే బలం దానికెక్కడిదండి? పాలపళ్లండి దానికి.”

“నీ ఇటుకొచ్చి సాచ్చికం చెబుద్దేటే నాకు?”

వాకిట్లో నవ్వులు లేచాయి. నాలుగో గదిలో ఉండే ఆటో సత్తియ్య మీసం దువ్వుకుంటూ, “దొంగతనం చేసి లోపలికెల్లి తాళం ఏసుకునే దొంగ గొప్ప దొంగే అత్తా. పోలీసోళ్లకి అప్పజెబితే మెడల్ ఇస్తారు,” అన్నాడు.

“నువ్వు నోరుముయ్యి సత్తియ్యా. నీ ఆటోలోనే ఎల్లాలి ఇది. గోనెసంచిలో ఏసి, మూడు తిప్పులు తిప్పి, ఉప్పుటేరు అవతల ఒదిలేసి రా.”

మూడు తిప్పులు ఎందుకో తెలియనివారి కోసం చెబుతాను. పిల్లిని సంచిలో వేసి గిరగిరా తిప్పితే దిక్కు మరిచిపోయి ఇంటికి తిరిగి రాదని ఇక్కడివారి నమ్మకం. పెద్దపిల్లి అయితే ఎలాగో బతుకుతుంది. ఉప్పుటేరు అవతల చేపలు ఎండబెట్టే దిబ్బల మీద కుక్కల మందలు ఉంటాయి. అరచేయంత కూన అక్కడ ఒక్క పూట బతకదు. ఈ విషయం వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

కనకరత్నం ఏడవలేదు. కాన్వెంటు వంటింట్లో పనిచేసినవారికి అందరి ముందూ ఏడ్చే అలవాటు ఉండదు. “ఒక్క వారం గడువియ్యండి పిన్నిగారూ. నా గది తలుపూ కిటికీ మూసే ఉంటాయండి. వచ్చే ఆదివారం లోపు ఇంకో కోడిపిల్ల పోతే నేను నోరెత్తను, మీ ఇష్టం. పోకపోతే రొయ్యమ్మ జోలికి రాకండి,” అంది.

ఆమె చేసిన తప్పు ఇక్కడే ఉంది. కూన నిర్దోషి అన్న ధీమాతో దాని ప్రాణాన్ని కోడిపిల్లల క్షేమానికి కట్టేసింది. దోషి వేరే ఉన్నాడు, వాడు ఈ ఒప్పందం వినలేదు, వాడు మళ్లీ వస్తాడు అన్నది ఆమెకు తట్టలేదు. నిజాయితీపరులు తరచూ చేసే తప్పే ఇది. తాము తప్పు చేయకపోతే తప్పే జరగదనుకుంటారు.

“సరే. అయితే ఆ గంప ఇటియ్యి. కోళ్ల గంపలో పిల్లిని దాచి, కోడిపిల్లల్ని ఎండలో ఒదిలే చోద్యం నీ దగ్గరే చూశాను,” అని వీరవేణమ్మ నన్ను చంకన పెట్టుకుని పోయింది. కుళాయి పక్కన మట్టి నేల మీద, మిగిలిన రెండు కోడిపిల్లల మీద బోర్లించింది. నా నుంచి కనకరత్నం గది కిటికీ సూటిగా కనబడేది.

ఆ సాయంత్రం కనకరత్నం కుర్చీ మీద కుర్చీ వేసుకుని చూరు సందు మొత్తం పెంకు ముక్కలతోనూ తడి మట్టితోనూ పూడ్చడం చూశాను. తలుపు కింద సందుకు చెక్క బద్ద కొట్టింది. డ్రమ్ములో నీళ్లు బకెట్లకు తోడి, ఖాళీ డ్రమ్మును బోర్లించింది. సూదుల డబ్బా, నూనె సీసా, అగ్గిపెట్టె అటక ఎక్కించింది. వేలాడుతున్న కరెంటు తీగను గోడకు కట్టింది. వల అల్లేవారి దగ్గర నుంచి తెచ్చిన పాత నైలాను వల ముక్కను కిటికీ చువ్వలకు నాలుగు వైపులా బిగించింది. ఆఖరికి నేల మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి, గది చుట్టూ చూసింది. అది నాకు మొదట అర్థం కాలేదు. కూన ఎత్తు నుంచి చూస్తోంది. అలా చూడగానే మంచం కింద పడివున్న పిన్నీసు ఒకటి కనబడింది. తీసి కొంగుకు గుచ్చుకుంది.

సోమవారం ఆరింటికి తాళం వేసి బస్సెక్కింది. నా గుండె, అటువంటిది నాకు ఉంటే, ఆగినంత పనైంది. ఇటుక లేదు, బద్దలు లేవు, గదంతా దానికే వదిలేసింది. కూన ముందు అరిచింది. కాసేపటికి అరుపు మాని, బోర్లించిన డ్రమ్ము ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. తరువాత వల పట్టుకుని కిటికీ మీదికి పాకి, నాలుగు కాళ్లూ చాపి వేలాడుతూ వాకిలిని చూసింది. ఎండ పడిన గట్టు మీద నిద్రపోయింది. గండుపిల్లి మధ్యాహ్నం చూరు దగ్గరికి వచ్చి, పూడ్చిన మట్టిని గీకి, దారి లేక వెళ్లిపోయింది. నేను చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లు నేను చేసింది పిల్లను మూయడం. కనకరత్నం మూసింది ఆపదను. ఈ రెండింటికీ ఇంత తేడా ఉందని ముసలితనంలో, వాకిట్లో, నన్ను తీసేశాక తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలు. వీరవేణమ్మ వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కిటికీ, వలకు అతుక్కుని రొయ్యమ్మ ఆమె చేతినే చూస్తోంది. గింజ ఇటు పడితే తల ఇటు, అటు పడితే అటు. వీరవేణమ్మ రెండుసార్లు గింజను కావాలని దూరంగా విసిరి, దాని తల తిరగడం చూసి, పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. నా కింద కోడిపిల్లలు రెండూ కునుకుతున్నాయి.

అప్పుడు నా కింద నేల కదిలింది. నాకు అడుగు లేదని ముందే చెప్పాను. కాలువ వైపు నుంచి మట్టి మెత్తగా ఉబ్బి, పగిలి, ఒక ముట్టె బయటికి వచ్చింది. పందికొక్కు. రెప్పపాటులో ఒక కోడిపిల్ల కాలు పట్టి కన్నంలోకి లాక్కుపోయింది. ఒకే ఒక్క అరుపు. వీరవేణమ్మ పీట తన్నుకుని లేచి వచ్చింది. నా మీద ఇటుక పెట్టినది పెట్టినట్టే ఉంది. నన్ను ఎత్తింది. కన్నం చూసింది, కన్నం అంచున ఊగుతున్న పసుపు ఈక చూసింది. తల తిప్పి కిటికీ చూసింది. రొయ్యమ్మ అక్కడే ఉంది, గింజ ఎటు పోయిందా అని వెతుకుతోంది.

వాకిట్లో ఇంకెవరూ లేరు. ఆమె కాలితో మట్టి తోసి కన్నం పూడ్చింది, మీద ఒక బండ దొర్లించింది, మిగిలిన కోడిపిల్లను లోపలికి తీసుకుపోయింది. చింతపండు ముందు మళ్లీ కూర్చుంది. గింజలు మాత్రం తీయలేదు.

సాయంత్రం బస్సు దిగిన కనకరత్నంతో, “ఇంకోటి పోయింది,” అంది.

“తాళం ఏసే ఉందండి పిన్నిగారూ! ఎలా ఎల్తాదండి? రండి, చూడండి. చీమ దూరే సందు లేదండి.”

“పోయిందన్నాను. మాట నువ్వే అన్నావు. నేననలేదు.”

అంతే. ఒక్క అబద్ధం లేదు ఆ మాటల్లో. ఎవరు వెతికినా దొరకదు. సగం నిజాన్ని మాత్రం పూర్తిగా చెప్పింది. పదిమంది ముందు పెద్ద గొంతుతో ఇచ్చిన తీర్పును వెనక్కి తీసుకుంటే తాను కొంత చిన్నదవుతానని ఆమె భయం. తాను చిన్నది కాకుండా ఉండటానికి అరచేయంత ప్రాణం పోవడం ఆమెకు మరీ పెద్ద విషయంగా కనబడలేదు. లేక కనబడిందేమో, ఆ మూడు రోజులూ ఆమె కిటికీ వైపు చూడకుండా, పీట అటు తిప్పి కూర్చుంది. నిజం తెలిసింది ఆమెకూ నాకూ పందికొక్కుకూ. ముగ్గురిలో నోరు విప్పగలిగింది ఆమె ఒక్కతే.

ఆదివారం కనకరత్నం చర్చిలో పూజ చూసుకుని వచ్చి, రొయ్యమ్మకు కడుపునిండా చేప పెట్టింది. తాను ఏమీ తినలేదు. సత్తియ్య ఆటో వాకిట్లోకి తెచ్చాడు, గోనెసంచి దులిపి నేల మీద పరిచాడు. వరుసలోని వారంతా గుమ్మాల్లో నిలబడ్డారు.

“ఏసెయ్యి,” అంది వీరవేణమ్మ.

సత్తియ్య రెండడుగులు వెనక్కి వేశాడు. “బండి తోలమను, తోలతాను. సంచి మూతి మాత్రం నేను కట్టనత్తా. పిల్లి పాపం మూతి కట్టినోడికే. బంగారంతో పిల్లి బొమ్మ చేయించి దానమిచ్చినా పోదంట. నా దగ్గర బండి టైరుకే దిక్కులేదు, బంగారప్పిల్లిని ఎక్కడ తెచ్చేది?”

“నువ్వు కట్టవే రెండో గదీ.”

“అమ్మో, నాకు నెలలు నిండుతున్నాయండి అత్తా. నన్ను లాక్కండి.”

అందరూ ఏదో ఒక కారణం చెప్పారు. తీర్పుకు తల ఊపిన తలలన్నీ తాడు దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరిగాయి. కనకరత్నం రొయ్యమ్మను తెచ్చి వాకిట్లో దింపింది. 

“నేనన్న మాట నేను తప్పనండి. అడ్డం రాను. కాని కట్టే చెయ్యి మీదే కావాలండి పిన్నిగారూ. ఇది తప్పు చేసిందని మీ మనసుకు తెలుసు గదా. తెలిసినోళ్లు కట్టాలి. తెలియనోళ్ల చేత కట్టించకండి.”

వీరవేణమ్మ వంగి సంచి అందుకుంది. మూతి వెడల్పు చేసి పట్టుకుంది. కూనను పట్టుకోవడానికి ఇంకో చెయ్యి చాపింది.

చాపనక్కరలేకపోయింది. రొయ్యమ్మ సంచిని చూసింది. సంచి అంటే పిల్లికూనకు ఏమిటో మీకు తెలిసే ఉంటుంది: ఒక చీకటి గది, ఒక కొత్త ఆట. తోక నిటారుగా లేపి, తనంతట తానే లోపలికి నడిచింది. లోపల గిర్రున తిరిగింది. గోనె లోపలి నుంచి ఒక పంజా, ఆ పైన ఇంకో పంజా, వీరవేణమ్మ కాలి బొటనవేలిని బట్ట మీదుగా తట్టింది. దాక్కుని మళ్లీ తట్టింది.

తాడు ఆమె చేతిలో ఉంది. వాకిలంతా చూస్తోంది. సంచి అటూ ఇటూ కదులుతోంది.

“బుధారం మజ్జాన్నం ఇది కిటికీలోనే ఉంది,” అంది వీరవేణమ్మ. ఎవరి మీదో విరుచుకుపడుతున్నట్టు అంది. “నా ఎదురుగానే ఉంది. చింతగింజలు చూస్తా ఉంది. కోడిపిల్లని పందికొక్కు లాగేసింది. గంప కిందనుంచి కన్నమేసుకుని వచ్చింది. ఆ బండ కిందుంది కన్నం, ఎల్లి చూసుకోండి!”

సత్తియ్య వెళ్లి బండ దొర్లించాడు. వేలుతో మట్టి తీశాడు. చెయ్యి మోచేతిదాకా దిగింది.

“మరి బుధారమే చెప్పలేదేం అత్తా?”

“అడిగారేటి ఎవరైనా?”

 రెండో గది ఆవిడ ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కనకరత్నం నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని సంచిలోంచి కూనను తీసి, గుండెకు ఆనించుకుంది. అప్పుడు తల ఎత్తి చెప్పింది:

“నాలుగు రోజులండి పిన్నిగారూ. రొయ్యలొలుస్తుంటే రెండుసార్లు ఏలు తెగిందండి. దీని తప్పు లేదని మీకు తెలుసు. తెలిసి నాలుగు రోజులు నన్ను అలా ఒదిలేశారు. ఇందాక మీరు చెప్పింది పందికొక్కు సంగతండి. దీని సంగతి చెప్పండి.”

“చెప్పాను కదే!”

“లేదండి. ఈ పిల్లది తప్పు లేదు, మీరన్న మాటే తప్పు అని చెప్పలేదండి మీరు.”

వీరవేణమ్మ కిటికీ వైపు చూసింది, అక్కడ ఎవరూ లేరు. “తప్పు లేదు,” అంది. ఇంత పెద్ద మనిషి గొంతు అంత చిన్నగా వస్తుందని నేనెరగను. అందరికీ వినబడిందా అంటే, దగ్గరున్నవారికి వినబడింది. అంతకంటే ఎక్కువ ఆమె దగ్గర దొరకదని కనకరత్నానికి అర్థమైనట్టుంది, లేచింది.

“ఇదిగో, నీ గంప తీసుకుపో,” అని వీరవేణమ్మ వెనక నుంచి పిలిచింది.

“వద్దండి. దాంతో నాకు పని లేదండి.”

ఆ మాట నాకు దెబ్బగా తగలలేదు. తీర్పు సరైనదైనప్పుడు ఓడినవారు కూడా విశ్రాంతి పొందుతారు. నేను అలసిపోయి ఉన్నాను. నా కింద మూసిన ప్రాణులన్నీ ఏ నేరమూ చేయనివే. ఒక్క గద్దను, ఒక్క గండుపిల్లిని, ఒక్క పందికొక్కును నా కింద మూసినవారు లేరు. ఇది నా తప్పు కాదని వాదించవచ్చు. వాదించను.

సత్తియ్య గాజుపెంకులూ సిమెంటూ కలిపి కన్నం పూడ్చాడు. మిగిలిన కోడిపిల్ల చెక్క అడుగున్న పెట్టెలోకి మారింది. నేను వేన్నీళ్ల పొయ్యి పక్కన కట్టెల మీద ఉన్నాను. నన్ను విరిచి పొయ్యిలో పెట్టడానికి ఇంకా ఎవరికీ తీరిక దొరకలేదు. రేపో ఎల్లుండో దొరుకుతుంది.

ఇక్కడి నుంచి వాకిలి కనబడుతుంది. కనకరత్నం ఎప్పటిలాగే ఆరింటి బస్సుకు పోతోంది. వెళ్లేముందు నేల మీద పడుకుని గది ఒకసారి చూడడం మానలేదు. మధ్యాహ్నం వీరవేణమ్మ పీట మళ్లీ కిటికీ వైపు తిరిగింది. కాపలా కాస్తున్నావా అత్తా అని సత్తియ్య అడిగితే, నా ఎండుచేపలు నేను కాసుకుంటున్నానంటుంది. ఎండుచేపలు ఇంకో పక్క ఆరుతుంటాయి. ఎవరూ లేనప్పుడు ఒక చింతగింజ తీసి వల ముందు ఆడించి, గొంతు తగ్గించి అంటుంది:

“ఏటే అలా చూస్తావు, దొంగమొకమా?”

ముద్దుగానే అంటుంది. రొయ్యమ్మ దానికే పలుకుతోంది కూడా. అయినా నిర్దోషి అని తేలినదాన్ని ఆ పేరుతో పిలవడం సరి కాదని నా అభిప్రాయం. ఆ మాట తీసేయించాలి. నన్నెవరూ అడగలేదు.